రాజవ్వ మెడలో బఠాణీ గింజ

పదవీ విరమణ చేసి ఇన్నేళ్లయినా నాకు కుర్చీలో కుదురుగా కూర్చోవడం రాలేదు. పక్కింటి కుక్క తోక ఊపుకుంటూ వచ్చినా నా వేళ్లు ముందు దాని మెడ కిందికే పోతాయి. "పలకరించ వచ్చినదాన్ని గూడ పేషెంటును చేస్తరా?" అని మా ఆవిడ విసుక్కుంటుంది. ఏం చేయను? ఒక పిల్లి మెడ తడమడానికి బద్ధకించిన సంగతి ఇప్పటికీ నన్ను నిలవనీయదు.

కొత్తగా పశువైద్యంలోకి వస్తున్న పిల్లలు కొందరు అనుభవాలు రాయమన్నారు. జనగామలో మొదలుపెట్టి, మహబూబాబాద్‌లో సగం జుట్టు నెరిసి, భూపాలపల్లిలో మిగతా సగం నెరిసిన ఉద్యోగం నాది. అప్పుడు ఇవన్నీ ఒకే జిల్లా. ఏ కుర్చీలోంచి ఏ కుర్చీలోకి మారానో మీకు అనవసరం. కప్పిన శాలువాలు బీరువాలో ఉన్నాయి, పురుగు పట్టకపోతే. నేను ఒక పిల్లి గురించి, ఒక సీసా గురించి రాస్తాను.

చేతికి అలవాటైన సీసా

జనగామలో చేరిన కొత్తలో లింగాల ఘనపూర్ వైపు ఒక ఊళ్లో ఈనిన బర్రె పడిపోయిందంటే పోయాను. మెడ డొక్క వైపు తిప్పుకుని, చెవులు చల్లబడి, ప్రాణం పోయినట్టే ఉంది. పాలజ్వరం. ఒంట్లో ఉన్న కాల్షియమంతా పాలలోకి పోతే వచ్చే జబ్బు. కాల్షియం సీసా తలకిందులుగా పట్టి మెడ నరంలోకి ఎక్కించాను. సీసా అయిపోవస్తుంటే బర్రె వణికింది, పేడ వేసింది, ముందుకాళ్లు మడిచి లేచి నిలబడింది. ఆ ఇంటావిడ నా రెండు చేతులూ పట్టుకుని కళ్లకద్దుకుంది.

ఆ రోజే నేను చెడిపోయాను. మా వృత్తిలో అంత తొందరగా దేవుణ్ని చేసే మందు ఇంకొకటి లేదు. లేవలేని పశువు కనిపిస్తే చాలు, చెయ్యి తనంతట తానే ఆ సీసా మీదికి పోయేది.

జనగామలో మా పెద్ద సారు కోస్తా నుంచి వచ్చినాయన. నా మాట తీరును అందరి ముందూ అనుకరించి నవ్వేవాడు. ఆ నవ్వును నేను క్షమించలేదు. కానీ కత్తి పట్టడంలో ఆయనంత నెమ్మది మనిషిని మళ్లీ చూడలేదు. ఇది కూడా రాయకపోతే అన్యాయం. ఒకరోజు నేను లేగదూడకు కూడా కాల్షియం ఎక్కించబోతుంటే చేయి పట్టుకుని ఆపాడు.

"ఏమయ్యా, నీ చెయ్యి నీకంటే ముందు పరిగెడుతోంది. అలా పరిగెట్టినప్పుడు దాన్ని జేబులో పెట్టుకో. ముందు పశువును చూడు."

చెప్పింది నిజమే. చెప్పినవాడు ఆయన కాబట్టి నాకు తలకెక్కలేదు.

మహబూబాబాద్‌లోనూ అదే తొందర. గార్ల దగ్గరి తండా నుంచి ఒక అక్క మేకను తోలుకొచ్చి దగ్గు అని మాట మొదలుపెట్టగానే నేను కడుపులో పురుగులు పోయే నట్టల మందు రాసి చేతిలో పెట్టాను. ఆమె చీటీ వంక చూసి, నా వంక చూసి, "సార్, నేను సగమే చెప్పిన. దగ్గే మేక ఇంటికాడ ఉన్నది. గిది కుంటుతున్నదని తెచ్చిన" అంది. బయట కూర్చున్నవాళ్లంతా నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వి ఊరుకోకుండా సిగ్గుపడి ఉంటే, తర్వాతి కథ వేరుగా ఉండేది.

సమ్మయ్య, రాజవ్వ

భూపాలపల్లికి వచ్చేనాటికి తెలంగాణ ఉద్యమం ఇంటింటికీ చేరింది. మా పశువుల దవాఖానకు ఎదురుగానే రిలే నిరాహార దీక్షల టెంటు. పొద్దున్నుంచి మైకు, డప్పు, పాట. నాకు రక్తం ఉడికేది. ఓపీ చూస్తూనే ఒక చెవి టెంటు వైపు పెట్టేవాణ్ని.

అట్లాంటి ఒక పొద్దున సమ్మయ్య వచ్చాడు. బొగ్గు బావిలో పాతికేళ్లు పనిచేసి, ఇప్పుడు పైన దీపాలు ఇచ్చే గదిలో ఉన్నాడు. కార్మికులు టోకెన్ చూపిస్తే టోపీ దీపం తీసి ఇవ్వడం ఆయన పని. భార్య పోయింది, క్వార్టర్‌లో ఒక్కడే. సంచిలోంచి ఒక తెల్లటి ముసలి పిల్లిని తీసి బల్ల మీద పెట్టాడు. పేరు రాజవ్వ. పన్నెండేళ్లది.

ఇక్కడొక మాట. నాకు చివరి దాకా తెలియని సంగతి మీకు ముందే చెప్తున్నా. బావిలో పేలుళ్ల దగ్గర పనిచేసీ చేసీ సమ్మయ్యకు చెవులు దాదాపు పోయాయి. ఎదుటివాళ్ల పెదవులు చూసి మాట పట్టుకునేవాడు. ఎవరికైనా తెలిస్తే పనికిరాడని ఇంటికి పంపుతారని భయం. ఇంట్లో ఆయనకు ఆసరా రాజవ్వే. తలుపు చప్పుడైతే అది లేచి తలుపు దగ్గరికి పోయేది, దాన్ని చూసి ఆయన గడియ తీసేవాడు. పిల్లి లేవడం మానేస్తే ఆయనకు తలుపు అవతలి లోకం లేనట్టే.

"తింటలేదు సార్. ఎనక కాళ్లల్ల సత్తువ లేదు. నీళ్లు మాత్రం మస్తు తాగుతున్నది. నల్లా కాడనే కూసుంటది."

నీళ్లు అన్న మాటే నేను పట్టుకోవాల్సిన ఆధారం. ఉక్కపోత కదా తాగదా అనుకున్నాను. ముసలిది, నీరసం, కాళ్లలో బలం లేదు. చెయ్యి సీసా మీదికి పోయింది. చర్మం కింద కాల్షియం ఇచ్చి, ఇంట్లో పోయమని విటమిన్ డి కలిసిన కాల్షియం చుక్కలు రాశాను. మెడ మీద చెయ్యి వేయలేదు. టెంటులో ఆ రోజు నేను మాట్లాడే వంతు, మనసంతా అక్కడే ఉంది.

రెండు వారాలకు మళ్లీ వచ్చాడు. రాజవ్వ బొమికల సంచి అయింది. వాంతులు, మలబద్ధకం.

"సుక్కలు ఒక్క పూట తప్పలె సార్. మీరు చెప్పినట్టె పోసిన" అన్నాడు సమ్మయ్య.

ఆ మాట అప్పుడు నన్ను తాకలేదు. ఇప్పుడు తలచుకుంటే మాత్రం ఒక్కచోట కూర్చోలేను.

ల్యాబు నుంచి ఫోను

ఈసారి రక్తం తీశాను. పిల్లి రక్తం అంటే తీసుకోరని, హన్మకొండలో ఒక ప్రైవేటు ల్యాబుకు "రాజవ్వ, ఆడ, పన్నెండేళ్లు" అని మాత్రమే రాసి పంపాను. మర్నాడు ల్యాబతను గాబరాగా ఫోన్ చేశాడు.

"సార్, పాప ఎట్లున్నది? పది ఉండాల్సిన కాల్షియం పదిహేను దగ్గర ఉన్నది. జల్ది పెద్ద దవాఖానకు తీస్కపోండ్రి!"

పాప నా బల్ల మీద పడుకుని గోడకేసి చూస్తోంది. నవ్వు రాలేదు. కాల్షియం తక్కువైందనుకుని నేను పోసింది, అప్పటికే కాల్షియం పొంగిపోతున్న ఒంట్లోకి.

పిల్లలూ, ఇక్కడ కాస్త పాఠం వినండి. కాల్షియం పెరిగితే దాహం పెరుగుతుంది, సమ్మయ్య మొదటి రోజు చెప్పింది అదే. పిల్లికి అట్లా పెరగడానికి కారణాలు చాలా. మూత్రపిండాలు చెడడం, క్యాన్సర్, విటమిన్ డి ఎక్కువ కావడం, ఏ కారణమూ దొరక్కపోవడం కూడా. ఈ కేసులో విటమిన్ డి పోయించినవాణ్ని నేనే. కాబట్టి అంతా ఆపి, సెలైన్ ఎక్కిస్తూ పది రోజులు ఆగి, మళ్లీ రక్తం పంపాను. కాల్షియం కొంత దిగింది గానీ ఇంకా ఎక్కువే. ఫాస్ఫరస్ తక్కువ. నా చుక్కలే మొత్తం కారణమైతే ఫాస్ఫరస్ కూడా పెరగాలి. మూత్రపిండాలు చెడినా పెరగాలి. ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ అంటే దారి మెడ వైపు పోతుంది.

అప్పుడు తడిమాను. గడ్డం పైకెత్తి, రెండు వేళ్లు గొంతు గొట్టానికి అటూ ఇటూ పెట్టి మెల్లగా కిందికి జరిపాను. ఎడమ పక్కన వేలి కింద బఠాణీ గింజంత ఒకటి జారింది. మళ్లీ దొరికింది. మళ్లీ జారింది.

థైరాయిడ్ పక్కన పారాథైరాయిడ్ గ్రంథులు నాలుగుంటాయి. రక్తంలో కాల్షియం ఎంత ఉండాలో చూసుకునేవి అవే. వాటిలో ఒకదానికి గడ్డ వస్తే అది ఎముకల్లోంచి కాల్షియం లాగి రక్తంలో కుమ్మరిస్తుంది. మిగతా మూడూ పని లేక మొద్దునిద్ర పోతాయి. పిల్లుల్లో అరుదైన జబ్బే. అరుదు కాబట్టి కనిపెట్టలేదని నేను తప్పించుకోవచ్చు. కానీ ఆ గింజ మొదటి రోజూ అక్కడే ఉండి ఉంటుంది. తడమడానికి అర నిమిషం చాలు.

సమ్మయ్యకు ఏం చెప్పాను? ముందు "ఆ చుక్కలు ఇక చాలు, ఆపెయ్" అన్నాను, గడ్డ దొరికాక "మెడలో గడ్డ ఉన్నది, తీయాలె" అన్నాను. చుక్కలు ఎందుకు ఆపమంటున్నానో చెప్పలేదు.

పిల్లికి ఏం అత్యవసరం

స్కానింగ్‌కు, ఆపరేషన్‌కు హైదరాబాద్ పంపుదామంటే అప్పటికే సమ్మె మొదలైంది. బస్సులు లేవు. బావులు ఆగాయి, కరెంటు గంటల తరబడి పోయేది. మేమూ సమ్మెలోనే. అత్యవసరమైతే తప్ప దవాఖానలో చెయ్యి పెట్టొద్దని తీర్మానం. నేను చెయ్యెత్తి ఒప్పుకున్న తీర్మానమే.

టెంటు బాధ్యత చూసే ఓదెలు, సమ్మయ్య క్వార్టర్ వరుసలోనే ఉంటాడు. నేను ఆపరేషన్ గది తెరుస్తుంటే ఎదురొచ్చాడు.

"ఎద్దు పడిపోయిందంటే మేమే మోసుకొస్తం సార్. పిల్లికేం అత్యవసరం? అండ్ల గాయిన పిల్లికా? ర్యాలీకి పిలువనీకి మూడు మాట్ల పోయి తలుపు కొట్టినం. లోపట్నే ఉన్నడు, తియ్యలె. గసోంటి ద్రోహికి మీరు పని చేస్తరా?"

ఆ మూడుసార్లూ రాజవ్వ లేవలేదన్న సంగతి నాకు తెలియదు, ఓదెలుకు తెలియదు. చెప్పగలిగినవాడు సమ్మయ్య ఒక్కడే. దూరంగా నిలబడి ఓదెలు మూతి వైపే చూస్తున్నాడు. తనను ద్రోహి అనడం ఆయన చూశాడు.

"ఓదెలూ, ఆగితే చస్తది. ఎద్దయినా పిల్లయినా చావు ఒక్కటే" అన్నాను. ఓదెలు పక్కకు జరిగాడు. మళ్లీ నాతో మాట్లాడలేదు.

ముందు రోజే జనగామ పెద్ద సారుకు ఫోన్ చేశాను. రిటైరై హైదరాబాద్‌లో ఉంటున్నాడు. రోజూ మైకులో కోస్తా వాళ్లను తిడుతూ, అవసరం పడితే ఆయన్నే పిలిచాను. ఆయన మాత్రం దెప్పలేదు.

"పెద్దదాన్ని ఒక్కదాన్నే తీయి. మిగతావాటి జోలికి పోకు. పక్కనే గొంతు నరం ఉంటుంది, చూసుకో. అసలు గండం తర్వాత ఉంది. మిగతా మూడూ నిద్రలేచే లోపు కాల్షియం ఢామ్మని పడిపోతుంది. రోజూ రక్తం చూడు, ఇంజక్షన్ పక్కనే పెట్టుకో."

కరెంటు లేదు. బల్లను కిటికీ దగ్గరికి జరిపాం. మా అటెండర్ యాకయ్య తల పట్టుకున్నాడు. ఎన్నో బర్రెల మెడలు కోసి కుట్టిన నా చేతికి, ఆ పిల్లి మెడలో దారి దొరకడానికి చాలాసేపు పట్టింది. కండరాలు విడదీస్తే గొంతు గొట్టం, దాని ఎడమ పక్కన థైరాయిడ్, దాని కొనన గుండ్రంగా, లేత గోధుమ రంగులో గడ్డ. చుట్టూ మెల్లగా విడదీసి తీశాను. బయట టెంటులో పాట సాగుతూనే ఉంది. మొదటిసారి అది నాకు వినపడలేదు.

అదే సీసా

రెండు రోజులు రాజవ్వ బాగానే ఉంది, పాలు కూడా నాకింది. మూడో రోజు జిల్లా బంద్. ల్యాబు మూశారు, రక్తం చూసే దారి లేదు. పొద్దున వచ్చేసరికి పిల్లి ముంగాళ్లతో మూతిని గీరుకుంటోంది. చెవులు టపటపా అదురుతున్నాయి. కాసేపటికి ఒళ్లంతా వణుకు, కాళ్లు కర్రల్లా బిగుసుకున్నాయి.

పెద్ద సారు చెప్పిన గండం ఇదే. కాల్షియం ఆంపూల్ ట్రేలో ఉంది. నేను ముట్టుకోలేదు. మత్తు వికటించిందేమో, కుట్ల నొప్పేమో అని తిరిగాను. ఒకసారి ఆ మందుతో దాన్ని సగం చంపాను, ఇప్పుడు రక్తం చూడకుండా మళ్లీ ఎట్లా ఇస్తాను? జేబులో పెట్టుకోవాల్సిన రోజు పెట్టుకోని చేతిని, తీయాల్సిన రోజు జేబులోంచి తీయలేకపోయాను.

"సార్, గిది పాలజరం బర్రె తీరుగనే వణుకుతున్నది" అన్నాడు యాకయ్య.

"నువ్వు ఊకో."

ఊరుకోలేదు. నాకంటే ఎక్కువ బర్రెల తలలు పట్టినవాడు. "బర్రెకైతే గింతసేపు చూస్తుంటిరా సార్?" అన్నాడు.

అది చెంపదెబ్బలా తగిలింది. ఆంపూల్ విరిచాను. ఒక చెవికి స్టెత్ పెట్టుకుని, గుండె నెమ్మదిస్తే ఆపేలా, చుక్కచుక్కగా ముంగాలి నరంలోకి ఎక్కించాను. ఎన్ని నిమిషాలు పట్టిందో తెలియదు. ముందు చెవులు అదరడం ఆగింది, తర్వాత కాళ్లు మెత్తబడ్డాయి. రాజవ్వ తల ఎత్తి, నన్ను కాదు, తలుపును చూసింది. సమ్మయ్య అప్పుడే గడప దగ్గరికి వచ్చాడు.

మిగతా గ్రంథులు మేలుకునేదాకా కాల్షియం, విటమిన్ డి నోటితో ఇవ్వాలి, మెల్లగా తగ్గించుకుంటూ రావాలి. అంటే మళ్లీ అవే చుక్కలు. ఎంత పోయాలో రోజూ చూసి చెప్తాను, తీసుకురా అన్నాను.

ముఖం

వారానికి రాజవ్వ నడిచింది. సమ్మయ్య దాన్ని భుజాన వేసుకుని దవాఖాన మెట్ల మీద నిలబడ్డాడు. ఓదెలుతో పాటు టెంటులోని నలుగురు నీడకని మా వసారాలో ఉన్నారు. సమ్మయ్య వాళ్లకు వినపడేలా గట్టిగా అన్నాడు.

"మా సార్‌కు మొదటి దినమే ఎరుకైంది. అప్పుడు ఏ సుక్కలిచ్చిండో ఆఖరికి గవ్వే బతికిచ్చినయి. మా వరుసల నర్సమ్మ పిల్లి గూడ తింటలేదట, గీ సుక్కలే పొయ్యమని చెప్పిన."

నా తప్పే శాలువా కప్పుకుని నాకు ఎదురొచ్చింది. ఊరుకుంటే ఎవరికీ తెలియదు. నర్సమ్మ పిల్లికి ఏ జబ్బో ఎవరికి తెలుసు? నేలకేసి చూస్తూ గొణిగాను. మొదట ఇచ్చింది తప్పు మందు అన్నాను, దాని వల్లే రాజవ్వ ఇంకా చెడింది అన్నాను.

సమ్మయ్య పిల్లిని నిమురుతూ నవ్వుతూనే ఉన్నాడు. నేను మళ్లీ గొణిగాను. అప్పుడు ఆయన ఒక అడుగు దగ్గరికొచ్చాడు. ఓదెలు వైపు ఒకసారి చూసి, నా వైపు తిరిగాడు.

"సార్, మీరు ముఖం దించి మాట్లాడితే నాకు తెల్వదు. నాకు చెవులు వినపడయి. మూతి చూస్తెనే తెలుస్తది. తలుపు కొట్టినా గీ రాజవ్వ లేస్తెనే ఎరుక."

ఓదెలు చేతిలోని బీడీ కింద పడేశాడు. పాతికేళ్ల ఉద్యోగాన్ని పణంగా పెట్టి ఒక మనిషి నిజం చెప్పేశాడు, నేను చెప్పే మాట ఏమిటో వినడం కోసం.

తల ఎత్తాను. నా ఉద్యోగం మొత్తంలో అంత బరువైన పని చేయలేదు.

"సమ్మయ్యా, మొదట నేనిచ్చిన మందు తప్పు. మెడ చూడకుండ ఇచ్చిన. నీళ్లు తాగుతున్నదని నువ్వు చెప్తే ఇనలె. గడ్డ నాతోని రాలేదు, కానీ రెండు వారాలు దాని మీద బరువు మోపింది నేనే. నర్సమ్మను ఆ చుక్కలు పొయ్యొద్దను. పిల్లిని తెమ్మను."

ఆయన నా పెదవుల నుంచి కళ్లు తిప్పలేదు. అంతా అందింది.

"అయితే నేను పోసిన సుక్కలేనా? అది తలుపు కాడికి లేవకపోయింది గందుకేనా సార్?"

"కొంత గందుకే."

పిల్లిని సంచిలో పెట్టుకుని మెట్లు దిగిపోయాడు. ఓదెలు పలకరించబోయి, వెనక నుంచి పిలిస్తే లాభం లేదని గుర్తొచ్చి, పరిగెత్తి ముందుకు పోయి నిలబడ్డాడు. వాళ్లేం మాట్లాడుకున్నారో నాకు తెలియదు. సమ్మయ్య చెవుల సంగతి ఆ వసారా దాటి ఆఫీసుకు మాత్రం పోలేదు. ఆ వరుసలో వాళ్లు ఆయన తలుపు కొట్టడం మానేసి, కిటికీ దగ్గరికి పోయి చెయ్యి ఊపడం మొదలుపెట్టారని యాకయ్య చెప్పాడు. బస్సులు నడిచాక హైదరాబాద్ పంపిన గడ్డ రిపోర్టు వచ్చింది. క్యాన్సర్ కాదు.

కానీ నాకు అసలు పరీక్ష ఆ వసారా మాటల మర్నాడే జరిగింది. చుక్కలు తగ్గించే రోజు, ఒక్క రోజు తప్పినా ప్రమాదం. రాడనుకున్నాను. ఎందుకొస్తాడు? దవాఖాన వరండాలో ఈ చివర నుంచి ఆ చివరకు ఎన్నిసార్లు తిరిగానో యాకయ్యనడగాలి.

రోజూ వచ్చే వేళకే వచ్చాడు. రాజవ్వను బల్ల మీద దింపాడు. నేను దాని గడ్డం ఎత్తి మెడ తడుముతుంటే, ఆయన మూలనున్న స్టూలు లాక్కుని, కిటికీ వెలుతురు నా ముఖం మీద పడే చోట ఎదురుగా వేసుకుని కూర్చున్నాడు.

"ఇగ చెప్పుండ్రి సార్. ఇయ్యాల ఎన్ని సుక్కలు?"